రెండు కార్ల ఇళ్లలో ఎవరుంటారు

నేను ఇరవై ఆరేళ్లు పరాయివాళ్ల ఇళ్లలోకి తొంగిచూసి జీతం తీసుకున్నాను. కంగారుపడకండి, టొరంటోలో ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీలో డెమోగ్రాఫిక్ అనలిస్టుని. ఫలానా పోస్టల్ కోడ్‌లో ఎవరుంటారు, ఏం చదివారు, ఏం తింటారు, ఏ కారు నడుపుతారు, సెలవులకి ఎక్కడికి పోతారు అన్నీ కూడగట్టి, నాలుగు పేజీల ప్రొఫైల్ రాసి అమ్మడం మా పని. సూపర్‌మార్కెట్ల వాళ్లు, బ్యాంకుల వాళ్లు, జిమ్ పెడదామనుకునేవాళ్లు, ఒక్కోసారి టౌన్ ఆఫీసుల వాళ్లు కొనేవారు. మా అమ్మ బతికున్నన్నాళ్లూ బాపట్లలో అందరితో "మా సువార్త కెనడాలో జనాభా లెక్కలు రాస్తుంది" అని గొప్పగా చెప్పుకునేది. ఆఫీసులో నా పేరు పలకలేక "సూ" అని పిలిచేవారు.

ఈ మధ్య మా చర్చి సంఘంలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు పట్టుకుంటున్నారు. "ఆంటీ, డేటా అనలిస్ట్ జాబ్‌కి అప్లై చేశా, టిప్స్ ఏమైనా చెప్పండి" అని. సాఫ్ట్‌వేర్ సంగతి మీకంటే నాకు తక్కువే తెలుసు. ప్రమోషన్ల సంగతి అసలు అడక్కండి, వచ్చినవే రెండు, అందులో ఒకటి ఆ సీట్లో ఉన్నాయన వేరే కంపెనీకి పారిపోతే వచ్చింది. నాకు తెలిసిన నాలుగు సంగతులు చెప్తాను. ఆఖరిది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ ఇదంతా రాస్తున్నది దానికోసమే.

ఫోనులో చెప్పే మాటలు

ఈ దేశం వచ్చాక నా మొదటి ఉద్యోగం ఫోన్ సర్వే. జనం భోజనం చేసే టైము చూసి ఫోన్ చేసి, తిట్లు తిని, తిట్టనివాళ్లని ప్రశ్నలడగాలి. అక్కడ నేర్చుకున్నదేమిటంటే, మనుషులు ఎలా పడితే అలా అబద్ధాలాడరు. పద్ధతి ప్రకారం ఆడతారు. కూరగాయలు, పుస్తకాలు, వ్యాయామం పెంచి చెప్తారు. మందు, టీవీ, పిల్లల మీద అరిచిన అరుపులు తగ్గించి చెప్తారు. ఒక పెద్దమనిషి వారానికి ఐదు రోజులు జిమ్‌కి వెళ్తానన్నాడు. పక్కగదిలోంచి ఫోన్ దగ్గరికి వచ్చినందుకే పాపం మూడు నిమిషాలు ఆయాసపడ్డాడు. నేను బుద్ధిగా "ఐదు" అని నొక్కాను.

డబ్బున్న పేటల్లో ఈ అబద్ధాలకి ఇస్త్రీ చేసి మరీ చెప్తారు. "మేం చాలా సింపుల్ పీపుల్" అని ఎవరైనా అంటే ఆ ఇంటికి కనీసం మూడు బాత్రూములుంటాయని నేను కళ్లు మూసుకుని రాసేదాన్ని. ఎప్పుడో ఒకసారి తప్ప ఆ లెక్క తప్పలేదు.

డగ్ గారి నీలం డబ్బాలు

తర్వాత చేరిన కంపెనీలో నా బాసు డగ్. ఆరడుగుల మనిషి, చిరుగుల జాకెట్టు, బూట్ల లేసులు ఎప్పుడూ కట్టుకునేవాడు కాదు. ఆయనకి ఒక్కటే నియమం. రీసైక్లింగ్ బండి వచ్చే రోజు పొద్దున్నే ఆ వీధిలో నడిచి, ఇళ్ల ముందు పెట్టిన నీలం డబ్బాలు చూడందే ప్రొఫైల్‌లో ఒక్క వాక్యం రాయకూడదు. సర్వేలో చెప్పిన అబద్ధం నీలం డబ్బాలో దొరికిపోతుందనేవాడు.

నన్ను మొదటిసారి తీసుకెళ్లింది లేక్ ఒడ్డున పెద్ద పెద్ద ఇళ్లున్న పేటకి. నేను చీర మీద వింటర్ కోటు వేసుకుని, నోట్‌బుక్ పట్టుకుని, ఆయన వెనకాల. ఇద్దరం చెత్త ఏరుకునేవాళ్లలాగే ఉన్నాం. ఒకావిడ కిటికీలోంచి చూసి పోలీసులకి ఫోన్ చేసింది. వీసా పోతుంది, పిల్లలు, ఇంటి లోను, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. డగ్ మాత్రం పోలీసాయనకి తన కార్డు ఇచ్చి, "చూశారా ఆఫీసర్, ఈ ఇంట్లో వారానికి ఒక గ్లాసు వైన్ అన్నారు. ఈ సీసాలు లెక్కపెట్టండి. ఇది గ్లాసా, తొట్టా?" అన్నాడు. పోలీసాయన నిజంగానే వంగి లెక్కపెట్టాడు.

డగ్‌లో లోపాలు లేవని కాదు. మతిమరుపు, కోపం, మీటింగుల్లో నిద్ర. కానీ కుర్చీలోంచి లేవకుండా మనుషుల గురించి రాసేవాణ్ణి ఆయన నమ్మేవాడు కాదు. నేను ఆయన దగ్గర నేర్చుకున్న పని అదొక్కటే. ఆఖర్న అదే మర్చిపోయాను.

మెరిసే పొయ్యి

ఒకసారి వంటపొయ్యిలు తయారుచేసే కంపెనీవాళ్లు వచ్చారు. టొరంటోకి ఉత్తరాన, రిచ్‌మండ్ హిల్ చుట్టుపక్కల ఉండే సంపన్న కుటుంబాలు ఎలా వండుకుంటాయో చెప్పమన్నారు. మా ఆఫీసులో ఒకమ్మాయి పది ఇళ్లు తిరిగి ఫొటోలు తెచ్చింది. గ్రానైట్ గట్లు, ఆరు బర్నర్ల పొయ్యి, దానిమీద కంపెనీ స్టిక్కర్ కూడా చెక్కుచెదరలేదు. ఆ అమ్మాయి "ఈ వర్గం ఇంట్లో దాదాపు వండుకోదు, బయటే తింటుంది" అని రాసేసింది.

నేను చదివి పడీపడీ నవ్వాను. మర్నాడు ఆ అమ్మాయినీ డగ్‌నీ వెంటబెట్టుకుని మా సంఘంలో ఒకావిడ ఇంటికి తీసుకెళ్లాను. లోపల వంటగది అద్దంలా మెరుస్తోంది. డిష్‌వాషర్ తెరిచి చూపించాను. చేత్తో కడిగిన స్టీలు కంచాలు అందులో ఆరబెట్టి ఉన్నాయి. కొన్నప్పటినుంచీ దాని ఉద్యోగం అదే. తర్వాత గరాజ్ తలుపు తీశాను. శీతాకాలం టైర్లకీ, మంచు తవ్వే మిషన్‌కీ మధ్యన రెండు బర్నర్ల పొయ్యి, దానిమీద చేపల పులుసు కుతకుతలాడుతోంది.

"ఇల్లంతా వాసనొస్తే రేపు అమ్మేటప్పుడు ఎవరు కొంటారండీ?" అంది ఆవిడ, అదేదో లోకమంతటికీ తెలిసిన సంగతన్నట్టు.

డగ్ అక్కడే నిలబడి పులుసన్నం తిన్నాడు. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నా రెండోసారి పెట్టించుకున్నాడు. "సూ, మీవాళ్లు ముందు గదులు ఊరికి చూపించడానికి కట్టుకుని, వెనకాల బతుకుతారన్నమాట" అన్నాడు. ఆ రోజునుంచీ ఆఫీసులో మనవాళ్ల గురించి ఏ అనుమానం వచ్చినా "సూని అడగండి" అనడం మొదలైంది. నేను కూడా ముక్కు కాస్త పైకెత్తి నడవడం మొదలుపెట్టాను.

నా వీధికి నేను రాసిన ప్రొఫైల్

డగ్ రిటైరయ్యాక వచ్చిన బాసు పేరు బ్రెంట్. మంచివాడే, కానీ అతనికి ప్రపంచమంతా స్క్రీన్ మీదే ఉంది. ప్రతి పేటకీ ఒక ముద్దుపేరు పెట్టడం అతని సరదా. మా సబర్బ్ లాంటి పేటలకి పేరు పెట్టమంటే నేను "మార్బుల్ అండ్ మ్యాథ్స్ ట్యూషన్" అని పెట్టాను. క్లయింట్లు నొచ్చుకుంటారని "సక్సెస్‌ఫుల్ ఫ్యామిలీస్" అని మార్చాడు.

నేను రిటైరయ్యే ముందు ఆఖరిగా రాసిన ప్రొఫైల్ మా సబర్బ్‌దే. ఊరి పేరు చెప్పను, మా ఇంటిపక్కవాళ్లు ఇది చదువుతారు. టౌన్‌వాళ్లు బస్సు టైమింగులు మారుద్దామనుకుని మా కంపెనీని అడిగారు. నీలం డబ్బాల రోజు నడవాలి కదా అని ఒకసారి అనుకున్నాను. వెంటనే, నా సొంత వీధే, పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను, నాకు తెలియనిదేముందిలే అనుకున్నాను. కుర్చీలోంచి లేవలేదు. "ప్రతి ఇంటికీ కనీసం రెండు కార్లు. నివాసులు సొంత వాహనాల్లోనే పనులకి వెళ్తారు. తెల్లవారుజాము బస్సు అవసరం నామమాత్రం" అని రాశాను. ఆఫీసువాళ్లు కేకు కోయించి, నాకు తోటపని చేసుకునే గ్లవ్స్ ఇచ్చి పంపించారు.

ఆ వసంతంలో ఒక సాయంత్రం కరుణ మెట్లెక్కి పైకొచ్చింది. కరుణ మా బేస్‌మెంట్‌లో రెండేళ్లుగా అద్దెకుండేది. నరసాపురం మనిషి, నలభై ఎనిమిదేళ్లుంటాయి. భర్తా కూతురూ అక్కడే. ఇక్కడ వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేసేది. పొద్దున్నే పక్క తలుపు తీసుకుని ఎంత మెల్లగా వెళ్లేదంటే, ఏ టైముకి వెళ్తుందో కూడా నాకు తెలియదు.

"వందనాలక్కా. మీరు ఇలాంటి లెక్కల ఆఫీసులో చేశారు కదా, ఇదేంటో కాస్త చూస్తారా?" అని ఫోన్ చూపించింది. బస్ స్టాప్‌లో అంటించిన నోటీసు ఫొటో. ఏడు గంటలకి ముందు నడిచే బస్సులు అవసరం లేనందున రద్దు చేసే ఆలోచనలో ఉన్నామనీ, అభ్యంతరాలుంటే మీటింగ్‌కి వచ్చి చెప్పమనీ ఉంది.

"ఫైవ్ ఫార్టీ బస్సులో నాకు సీటే దొరకదు. ఎవరూ ఎక్కరని వీళ్లకి ఎవరు చెప్పారంటారు?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. "కనుక్కుంటానులే" అన్నాను.

"కొంచెం తొందరగా కనుక్కోండక్కా. సెవెన్‌కి షిఫ్ట్. రెండు బస్సులు మారాలి. ఇక్కడ పర్మనెంట్‌గా ఉండే పీఆర్ ఫైల్‌కి ఇంకా ఎనిమిది నెలలు ఇదే ఎంప్లాయర్ దగ్గర చెయ్యాలి. ఈ జాబ్ పోతే అంతా మొదటికొస్తుంది. డ్రైవింగ్ టెస్టేమో రెండుసార్లు ఫెయిలయ్యా" అని, నవ్వబోయి నవ్వలేక కిందకి వెళ్లిపోయింది.

బస్సెక్కేవాళ్ల లెక్క టౌన్‌వాళ్ల దగ్గర ఉండదా అని మీరు అడుగుతారు. ఉంది. రోజంతా ఎక్కినవాళ్లని కలిపి సగటు తీశారు. మధ్యాహ్నం ఖాళీగా తిరిగే బస్సుల్లో పొద్దున బస్సు కొట్టుకుపోయింది. ఎందుకిలా ఉందని మా కంపెనీని అడిగితే నా ప్రొఫైల్ వచ్చింది, సరిపోయింది అనుకున్నారు. సగటు కనిపించిన చోటల్లా అది ఎవరిని మింగిందో వెతకండి పిల్లలూ, మీకు జీతం ఇచ్చేది అందుకే.

అసలు తప్పు ఇంకా ముందే జరిగింది. మా కంపెనీ ఇంటింటి సర్వే ఫారం ఆ మధ్య మా ఇంటికే వచ్చింది. మా ఆయన పెన్ను పట్టుకుని, "ఇంట్లో ఎంతమందిమని రాయను?" అన్నాడు. నేను పోపు వేస్తూ వెనక్కి తిరక్కుండానే "ఇద్దరం" అన్నాను. కరుణ మా కాళ్ల కిందే అన్నం వండుకుంటోంది. బేస్‌మెంట్ అద్దెకివ్వాలంటే టౌన్‌లో రిజిస్టర్ చేయించాలి, మేం చేయించలేదు మరి. రాస్తే ఏమవుతుందోనని భయం. మా వీధిలో అందరిదీ ఇదే కథ. ఇంటికి రెండు కార్లు నిజమే. బేస్‌మెంట్‌లో ఉన్నవాళ్లు ఆ కార్లు ఎక్కరు, ఏ ఫారంలోనూ ఉండరు. గరాజ్‌లో పొయ్యి ఉందని డగ్‌కి చూపించి మురిసిపోయినదాన్ని, నా ఇంట్లో మనిషినే దాచేశాను. ఒళ్లు మండిపోయింది నా మీద నాకే.

కజిన్లు

ఆ శుక్రవారం గృహ ప్రార్థన కూటంలో ప్రార్థన అయ్యాక, ఇల్లుగలవాళ్లందరినీ అడిగాను. మా ఇంట్లో బస్సెక్కే మనిషి ఉన్నారని టౌన్‌కి ఒక ముక్క రాయండి చాలు అని. అందరూ సమోసాల ప్లేట్లలోకి చూశారు.

"మా బేస్‌మెంట్‌లో ఎవరూ లేరు సిస్టర్. మా కజిన్ ఉంటుందంతే" అన్నాడు ఒకాయన.

"కజిన్ పేరేంటి బ్రదర్?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ సీలింగ్ వైపు చూసింది. ఆ కజిన్ ఆ గదిలోనే మూలన కూర్చుని పాటల పుస్తకం తిరగేస్తోంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకొకాయన "ప్రార్థన చేద్దాం సిస్టర్" అని చేతులు దులుపుకున్నాడు. కారులో మా ఆయన సణుగుడు మొదలుపెట్టాడు. "రిటైరయ్యాక కూడా నీకు రిపోర్టులెందుకే? ఇళ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ వస్తే ఎవరు మాట్లాడతారు?"

"నువ్వే మాట్లాడు. కజిన్ అని చెప్పు" అన్నాను.

మీటింగ్‌లో తలా మూడు నిమిషాలు ఇచ్చారు. ఒక ఆఫీసరు నా వాక్యాన్నే స్క్రీన్ మీద పెట్టి చదివాడు, "అవసరం నామమాత్రం" అని. నేను మైకు దగ్గరికి వెళ్లి, అది రాసింది నేనేనని చెప్పాను. "అది తప్పు. నేను నడిచి చూడకుండా రాశాను. మా ఇంట్లో ఇద్దరమని ఫారంలో పెట్టాను, ముగ్గురం ఉన్నాం. మూడో మనిషి బేస్‌మెంట్‌లో ఉంటుంది, ఐదు నలభై బస్సెక్కి మీలాంటివాళ్ల అమ్మానాన్నలకి స్నానం చేయించడానికి వెళ్తుంది" అని, మా ఇంటి అడ్రస్ కూడా చెప్పేశాను. హాల్లో మనవాళ్లు ఇద్దరు కుర్చీల్లో కిందకి జారిపోయారు. ఆ తర్వాత వెనక వరసల్లోంచి ఒక్కొక్కళ్లే లేచారు. కేర్ హోమ్‌లో చేసేవాళ్లు, కాలేజీ చదువుతూ వేర్‌హౌస్‌లో చేసే పిల్లలు. ఆఖరికి పొద్దున బస్సులు ఆపకూడదని టౌన్‌వాళ్లు తేల్చారు.

నేను గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను. మిఠాయి డబ్బా పట్టుకుని కరుణ తలుపు కొట్టాను.

రెండు వారాలు తిరక్కుండా ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మర్యాదస్తుడు, బూట్లు విప్పి మరీ లోపలికొచ్చాడు. బేస్‌మెంట్ కిటికీ కొలిచాడు. నిప్పంటుకుంటే మనిషి బయటికి దూకడానికి అది చాలదన్నాడు. పెద్ద కిటికీ పెట్టేదాకా అక్కడ ఎవరూ ఉండకూడదన్నాడు. అదీ నిజమే. రెండేళ్లు నేను ఆ మనిషిని అలాంటి గదిలో పడుకోబెట్టాను.

"పైన గెస్ట్ రూమ్ ఖాళీగానే ఉంది కరుణా, పైకొచ్చెయ్" అన్నాను.

కరుణ బట్టలు మడతపెట్టడం ఆపలేదు. "అక్కా, ఆ మీటింగ్‌లో నా సంగతి చెప్పేముందు నన్నొకమాట అడిగారా?"

"నీ బస్సు కోసమే కదా..."

"బస్సు కోసమే. కాదన్లేదు. నేను ఎక్కడుంటానో, ఏం పని చేస్తానో అంతమందిలో చెప్పేశారు. ముందేమో నేను లేనని రాశారు. తర్వాతేమో ఉన్నానని చెప్పారు. రెండుసార్లూ నన్ను అడగలేదు." గొంతు పెంచలేదు. "ముందే అడిగితే నేను వేరే ఇల్లు చూసుకుని, నేనే వచ్చి మాట్లాడేదాన్ని. నాకూ నోరుంది."

ఇరవై ఆరేళ్లలో ఎన్ని వేల కుటుంబాల గురించి రాశానో, ఒక్కరికైనా "మీ గురించి ఇలా రాశాను, సరేనా?" అని చదివి వినిపించలేదు. ఆ ఆలోచనే రాలేదు. ఆ రోజు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన టీ పెట్టి తెచ్చి పక్కన కూర్చున్నాడు.

కరుణ వెళ్లిపోయింది. ఎక్కడికనుకున్నారు? ఆ కజినున్నాయన ఇంటికే, రెండు వీధుల అవతల. ఆయన బేస్‌మెంట్ కిటికీ సరిపడా ఉందట, ఇన్‌స్పెక్టర్‌ని పిలిచి రిజిస్టర్ చేయిస్తేనే వస్తానని కరుణ గట్టిగా చెప్పిందట. చేయించాడు. ఇప్పుడాయన ఇంట్లో కజిన్లు ఇద్దరు.

ఐదు నలభై

జూన్‌లో ఒక రోజు నేను ఆ బస్సెక్కాను. కరుణకి చెప్పాల్సిన క్షమాపణ ఇంకా చెప్పలేదు, ప్రార్థన కూటంలో అందరిముందూ నోరు పెగల్లేదు. అప్పటికే తెల్లారి పచ్చిక మీద ఎండ పడుతోంది. ప్రతి ఇంటిముందూ రెండేసి కార్లు కదలకుండా ఉన్నాయి. పక్క తలుపుల్లోంచి, గరాజ్ వెనకనుంచి మనుషులొస్తున్నారు. చేతిలో టిఫిన్ డబ్బాలు, భుజాన బ్యాగులు. పద్దెనిమిదేళ్లుగా నేనున్న వీధిలో నేను ఎప్పుడూ చూడని మొహాలు. ఒక ఫిలిప్పినో ఆవిడ నన్ను చూసి "ఫస్ట్ డే?" అని అడిగింది. అవునన్నాను.

రెండో స్టాపులో కరుణ ఎక్కింది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. ఆ రోజు అదృష్టంకొద్దీ వెనక ఇద్దరు పట్టే సీటు ఒకటి ఖాళీ ఉంటే వెళ్లి కిటికీ పక్కకి జరిగి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, పక్కన చోటు చూపించింది. నేను లేచి వెళ్లి ఆ సీటు పక్కన నిలబడ్డాను.

"కరుణా, నిన్ను అడక్కుండా..." అని మొదలుపెట్టాను.

"తెలుసులే అక్కా" అంది.

బస్సు ఇంకో స్టాపులో ఆగింది, ఇంకా జనం ఎక్కారు. నాకు తెలియకుండానే తలెత్తి వరసలు చూస్తున్నాను. పెదాలు కదులుతున్నాయి, చెయ్యి బ్యాగులో నోట్‌బుక్ కోసం తడుముకుంటోంది. కరుణ నా చెయ్యి పట్టుకుంది.

"లెక్కపెట్టకండక్కా. కూర్చోండి."

కూర్చున్నాను.